అంగడికి అభయం

ఒక ఊరి చరిత్రను తెలిసికొనగోరేవారు సాధారణంగా కోటగోడల దగ్గరకు, గుడి గోపురాల దగ్గరకు పోతారు. శాసనం ఉంటే చదువుతారు. లేకుంటే పెద్దలను అడుగుతారు. అంగడివీధికి మాత్రం కూరగాయలు కొనడానికే పోతారు గాని చరిత్ర కొరకు పోరు. అయినా కోటను కట్టించినవాడు ఒక్కడు. అంగడిని నిలిపినవారు వేలమంది. కోట కూలిన తరువాత కూడ ఊళ్లు బ్రతికి ఉన్నవి. అంగడి ఎత్తివేసిన తరువాత మునుపటి కళతో నిలిచిన ఊళ్లు అరుదు. పేట అన్నా, సంత అన్నా, గంజి అన్నా, బజారు అన్నా మన ఊళ్ల పేర్లలో, వాడల పేర్లలో క్రయవిక్రయాల గురుతులు మిగిలే ఉన్నవి.

సికింద్రాబాదులోని సీతాఫల్‌మండి అట్టి పేరే. అక్కడ పెద్ద కోట లేదు, పేరుమోసిన రాజభవనం లేదు. రైలు స్టేషను ఉన్నది, ఇరుకైన వీధులు ఉన్నవి, వీధుల పొడవునా చిన్న చిన్న దుకాణాలు ఉన్నవి. మండి అంటే సరకు గంపగుత్తగా వచ్చి చేరి, బేరమై, చిల్లర వర్తకుల చేతికి పోయే చోటు. సీతాఫలాలు అమ్మిన మండి కనుక సీతాఫల్‌మండి అయినది. ఇప్పుడు ఆ పేరు పలికేవారిలో ఎందరికి పండు జ్ఞాపకం వస్తున్నదో చెప్పలేము. టికెట్టు తీసికొనేవారికి అది స్టేషను పేరు. ఉత్తరం వ్రాసేవారికి చిరునామా. పండు పోయి పేరు నిలిచిన ఈ వాడను ముందు పెట్టుకొని, ఒక అంగడి ఎట్లు పుడుతుంది, ఎందుకు చిక్కిపోతుంది, మళ్ళీ ఎట్లు కోలుకొంటుంది అన్న విషయం ఈ ప్రసంగంలో కొంత ఆలోచింపదలచినాము.

ముందుగా పండును గురించి రెండు మాటలు. సీతమ్మ పేరు పెట్టుకొన్నంత మాత్రాన అది మన దేశపు చెట్టు కాదు. ఉష్ణమండల అమెరికా ప్రాంతమే దాని పుట్టిల్లని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. సముద్రాలు దాటివచ్చిన ఈ పరదేశి దక్కను నేలలో ఎంతగా కలిసిపోయినదంటే, రాళ్లగుట్టల మీద నీరు పోసేవాడు లేకున్నా పెరుగుతుంది. మేకలు కూడ దాని ఆకు ముట్టవు. దాని తోబుట్టువులకు మనవారు రామాఫలమనీ, లక్ష్మణఫలమనీ పేర్లు పెట్టి ఇంటివానిగా చేసికొన్నారు. మహబూబ్‌నగరు సీమలోని బాలానగరం పేరు ఒక సీతాఫల రకానికే పేరుగా నిలిచినది; వ్యవసాయశాస్త్ర గ్రంథాలలో ‘బాలానగర్’ అంటే ఆ రకమే. హైదరాబాదు నగరంలోని పారిశ్రామికవాడ బాలానగరం వేరు, ఇది వేరు.

వర్షాలు వెనుకపట్టి చలి మొగం చూపే నెలలలో ఈ పండు వస్తుంది. కాయ కండ్లు విచ్చినప్పుడు కోయాలి. గడ్డిలోనో ఆకులలోనో పెడితే రెండు మూడు రోజులలో మాగుతుంది. మాగిన తరువాత ఒక్కరోజు కూడ ఆగదు. చేయి గట్టిగా తగిలితే పగులుతుంది. గోధుమలవలె కొట్లలో పోసి ధర పెరిగేదాక దాచడానికి వీలులేని సరకు. గుట్ట మీద ఏరినవాడు, గంప మోసినవాడు, మండిలో బేరమాడినవాడు, వీధిలో అమ్మినవాడు, ఇంట్లో తిన్నవాడు, ఈ అయిదుగురి నడుమ ఎడము ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంటికి దగ్గరగా మండి ఉండడంలోని అర్థం ఇదే. సీతాఫలానికి ఉన్న ఈ గుణం కొంచెమో గొప్పో ఆకుకూరకూ ఉన్నది, పాలకూ ఉన్నది, పూలకూ ఉన్నది. చిన్న అంగడికి బలం సామీప్యం.

అయితే సామీప్యం ఒక్కటే చాలదు. అమ్మేవాడు ధైర్యంగా సరకు దింపాలంటే, రేపు కూడ తాను అక్కడ కూర్చొనగలనన్న నమ్మకం ఉండాలి. ఈ సంగతి మన దేశపు రాజులకు ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందటనే తెలుసును. నేటి బాపట్ల జిల్లాలో సముద్రతీరాన మోటుపల్లి అన్న ఊరున్నది. కాకతీయుల కాలంలో అది గొప్ప రేవు. ఆ దినాలలో తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును తీరపు రాజులు బలాత్కారంగా తీసికొనే ఆచారం ఉండేది. ఓడ పోగొట్టుకొన్న వర్తకుడు ఒడ్డుకు చేరి సరకు కూడ పోగొట్టుకొనేవాడు. 1244లో కాకతి గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పి, వర్తకులకు అభయమిస్తూ మోటుపల్లిలో శాసనం వేయించినాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసికొనబోమని అందులో ప్రకటించినాడు. దానిని మన చరిత్రకారులు అభయశాసనమని పిలుస్తారు. పేరు ఎంతో తగినది. రాజు వర్తకులకు ధనం పంచలేదు. మేడలు కట్టించి ఇవ్వలేదు. మీ సొత్తు మీదే, మా వంతు ఇంతే అన్న మాట ఇచ్చి, ఆ మాటను రాతి మీద చెక్కించినాడు. ఆ తరువాత అర్ధశతాబ్దం గడిచేలోగా మార్కోపోలో వంటి దూరదేశపు యాత్రికుల నోట కూడ ఆ రేవు పేరు వినబడినది.

మోటుపల్లి నుండి సికింద్రాబాదుకు కాలంలోనూ దూరంలోనూ చాలా అంతరం ఉన్నది. అయినా సికింద్రాబాదు పుట్టుకలో కూడ అట్టి ఒక మాటనే మనం చూస్తాము. 1798లో రెండవ నిజాము ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొన్న తరువాత హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన ఇంగ్లీషు దండు విడిసినది. దండు ఉన్న చోటికి చాకలి, మంగలి, దర్జీ, పాలవాడు, గడ్డివాడు, వడ్డీవర్తకుడు అందరూ రావలసిందే. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట ఆ చోటు సికింద్రాబాదు అయినది. అక్కడికి వచ్చే సరకులకు దిగుమతి సుంకం మినహాయింపబడినది. నిజాము రాజ్యంలో కరోడ్‌గిరి అనబడే సుంకపుశాఖ ఎంత పట్టుగలదో ఎరిగినవారికి ఈ మినహాయింపు విలువ తెలుస్తుంది. గుడారాల ప్రక్కన వెలసిన బజారు కొలది కాలంలోనే పట్టణమైనది. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అన్న పేర్లు ఆ పుట్టుకకు నేటికీ సాక్ష్యం చెబుతున్నవి.

రెండు పట్టణాల నడుమ చెరువు ఒక్కటే కాదు, నాణెం కూడ అడ్డముండేది. హైదరాబాదులో నిజాము ముద్రించిన హాలీ సిక్కా, సికింద్రాబాదు దండుప్రాంతంలో కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. అనగా నూరు కల్దార్లు కావాలంటే నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు హాలీలో ఇచ్చుకోవాలి. ఒకే కూలిడబ్బుతో అటు కొంటే ఒక లెక్క, ఇటు కొంటే ఒక లెక్క. చదువురాని కూరగాయలమ్మి కూడ రెండు నాణేలనూ మనస్సులోనే మార్చి చిల్లర ఇవ్వవలసి వచ్చేది. బజారు కూడ ఒక విద్యాలయమే అనడానికి ఇంతకంటె వేరే దృష్టాంతం అక్కరలేదు. 1950ల దశకంలో హాలీ సిక్కా చెలామణి నుండి తొలగిపోయినది.

పట్టణానికి రెండవ ఊపు రైలు ఇచ్చినది. 1874లో వాడీ నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం తెరువబడినది. 1893లో లాలాగూడాలో రైల్వే కర్మాగారం నెలకొన్నది. 1897లో గడియారస్తంభం ప్రారంభమైనది. అందులోని గడియారాన్ని కానుకగా ఇచ్చినవాడు ఒక వర్తకుడే, దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రామ్‌గోపాల్. బజారు సొమ్ముతో ఊరందరికీ కాలం చూపే గడియారం వచ్చినదన్న మాట. 1916లో కాచిగూడ స్టేషను కట్టినారు. ఈ కాచిగూడకూ సికింద్రాబాదుకూ నడుమ రైలుదారి మీద ఉన్న వాడ సీతాఫల్‌మండి. దాపుననే లాలాగూడా, మెట్టుగూడలలో రైల్వే ఉద్యోగుల ఇండ్లు; మరొక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాల ప్రాంగణం. 1918లో చిన్నగా మొదలైన విశ్వవిద్యాలయానికి ఇక్కడి ప్రాంగణంలో ఆర్ట్స్ కళాశాలాభవనం 1939లో ప్రారంభమైనది. నెలజీతం తీసికొనే కార్మికుడు, ఇంటినుండి మనియార్డరు వచ్చేదాక ఉద్దెర పెట్టే విద్యార్థి, ఇద్దరూ చిన్న అంగడిని పోషించినవారే. జీతం రోజున పద్దు తీర్చడం, మళ్ళీ మరునాటి నుండి పద్దు వ్రాయించడం, ఈ పద్ధతి మీదనే కిరాణా కొట్లు అనేకం నడిచినవి. తాకట్టు లేదు, కాగితం లేదు. ముఖం ఎరిగి ఉండడమే హామీ.

ఇంతవరకు అంగడి పుట్టిన కథ. ఇక దానిని బాగుచేయబూనిన కథ. 1908 సెప్టెంబరులో మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదును ఛిన్నాభిన్నం చేసినది. వేలమంది ప్రాణాలు పోయినవి. ఇరుకుసందులు, గాలిలేని ఇండ్లు నగరానికి ఎంత ప్రమాదకరమో దానితో తేటతెల్లమైనది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. అది వీధులు వెడల్పు చేసినది, క్రొత్త నివాసాలు కట్టించినది, పత్తర్‌గట్టిలో రాతి కమానుల క్రింద వరుసగా దుకాణాలు కట్టించినది. ఆ కట్టడాన్ని గమనించండి. క్రింద దుకాణం, మీద నివాసం, దుకాణం ముందర నీడగల నడవ. కొనేవాడు ఎండలో నిలువనక్కరలేదు, వానలో తడవనక్కరలేదు. అంగడి పని తెలిసినవారు గీసిన నమూనా అది.

ఆ సంస్థకు అధ్యక్షత వహించిన ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరిట 1935లో మొజంజాహీ మార్కెట్టు వెలసినది. రాతికట్టడం, నడుమ గడియారపు గోపురం, రెండు రెక్కల మాదిరి సాగిన దుకాణపు వరుసలు. పండ్లు, తమలపాకులు, అత్తరులు, తరువాత తరువాత ఐస్‌క్రీములు అక్కడ ప్రసిద్ధి పొందినవి. సీతాఫలాల కాలంలో ఆ పండు గుజ్జుతో చేసే ఐస్‌క్రీము కొరకు ఇప్పటికీ అక్కడికి దూరంనుండి జనం వస్తారు. మండి పేరు ఒకచోట, పండు రుచి ఒకచోట నిలిచిపోవడం వింతగా లేదా?

టోకు పండ్ల వ్యాపారం మాత్రం అక్కడ నిలువలేదు. లారీలు పెరిగినవి, వీధి చాలలేదు. 1980ల దశకంలో పండ్ల మార్కెట్టును గడ్డిఅన్నారానికి తరలించినారు. ఆ దినాలలో అది నగరపు అంచు. నగరం పెరిగి దానిని కూడ చుట్టుముట్టినది. 2022లో ఆ స్థలంలో ఆసుపత్రి నిర్మించే ఉద్దేశంతో మార్కెట్టును విజయవాడ రహదారి మీద బాటసింగారానికి తరలించినారు. ఆసుపత్రి అక్కరలేదని ఎవరూ అనరు. లారీలు నగరం నడిబొడ్డుకు రాకూడదన్న వాదంలోనూ న్యాయమున్నది. కాని ప్రతి తరలింపులోనూ ఒక లెక్క వ్రాయకుండ మిగిలిపోతున్నది. పెద్ద వర్తకునికి వాహనమున్నది. అతడు వెంట పోగలడు. తెల్లవారుజామున రెండు గంపలు కొని, తలమీద పెట్టుకొని, తన వీధికి నడిచివచ్చి అమ్ముకొనే స్త్రీ ఎంతదూరం పోగలదు? ఆటోకు ఇచ్చే కిరాయి ఆమె లాభాన్ని మ్రింగుతుంది. మండి అయిదు మైళ్లు జరిగితే పెద్ద వర్తకునికి అది చిరునామా మార్పు. ఆమెకు జీవనోపాధి మార్పు. పండు ధరలో ఆ కిరాయి కూడ చేరుతుంది గనుక చివరకు మన ఇండ్లకు కూడ ఆ తరలింపు భారం చేరుతుంది.

చిన్న అంగడి ఇప్పుడు చిక్కిపోవడానికి ఇతర కారణాలు కూడ ఉన్నవి. వాహనాలు పెరిగి కాలినడకకు చోటు తగ్గినది. నడిచేవాడు దుకాణం ముందు ఆగుతాడు; బండి మీద పోయేవాడు ఆగడానికి చోటు దొరకక సాగిపోతాడు. చల్లని గదులుగల పెద్ద పెద్ద విక్రయశాలలు వెలసినవి. చేతిలోని ఫోనుతో ఆజ్ఞాపిస్తే సరకు గుమ్మానికే వస్తున్నది. దుకాణం అద్దె ఏటేటా పెరుగుతున్నది, బేరం పెరుగుట లేదు. చదువుకొన్న కొడుకు తండ్రి గల్లాపెట్టె దగ్గర కూర్చొనడానికి ఇష్టపడుట లేదు. వీనిలో కొన్నిటిని ఎవరూ ఆపలేరు, ఆపనక్కరలేదు కూడ. గుమ్మానికి వచ్చే సరకు వృద్ధులకు, రోగులకు గొప్ప సదుపాయం. మా ఆలోచన అంతా ఒక్క విషయం మీద: ఓడిపోతే చిన్న అంగడి పోటీలో ఓడిపోవచ్చును గాని, బాగుచేస్తామన్న పేరుతో దానిని ఓడించకూడదు.

బాగుచేయడం చేతనైన సందర్భాలు మన నగరంలోనే ఉన్నవి. మొజంజాహీ మార్కెట్టు ఎనుబది ఏండ్ల వయస్సు వచ్చేసరికి కప్పులు కారి, గోడలలో చెట్లు మొలచి, ఎవరికి తోచిన బోర్డులు వారు తగిలించి, రాతి అందం కనబడకుండ పోయినది. 2018లో దాని పునరుద్ధరణ మొదలైనది. 2020 ఆగస్టు 14వ తేదీన మళ్ళీ ప్రజలకు అంకితమైనది. కట్టడాన్ని ప్రదర్శనశాలగా మార్చలేదు; అంగడిని అంగడిగానే ఉంచినారు. మెచ్చుకోవలసిన సంగతి అదే. సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట మెట్లబావి మరొక దృష్టాంతం. పదునేడవ శతాబ్దపు ఆ బావి చెత్తాచెదారంతో పూడి, బావి ఉన్నదన్న సంగతే మరుగుపడిపోయినది. పూడిక తీసి, మెట్లు సరిచేసి, 2022 డిసెంబరు 5వ తేదీన దానిని తెరచినారు. నీళ్లు ఊరినవి, చూడడానికి జనం వస్తున్నారు. జనం వచ్చిన చోట టీ కొట్టు, పూలబుట్ట తమంతట తామే వెలుస్తాయి.

ఇతర దేశాలవారు కూడ ఈ చిక్కును ఎదుర్కొన్నారు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ అన్న అంగడివీధిని 1962లో వాహనాలకు మూసి కాలినడకకు విడిచిపెట్టినారు. వాహనాలు రాకపోతే కొనేవారు రారని, ఆ చలిదేశంలో ఎవరు నడుస్తారని దుకాణదారులు ఎంతో అభ్యంతరపెట్టినారు. జరిగినది వేరు, నడిచేవారు పెరిగినారు, వ్యాపారమూ పెరిగినది. అమెరికాలో ఊరి బయట వెలసిన పెద్ద విక్రయశాలల వల్ల చిన్న పట్టణాల నడివీధులు పాడుబడిపోతూ ఉంటే, 1977లో అక్కడి చారిత్రక కట్టడాల పరిరక్షణసంస్థ ఒకటి మూడు చిన్న పట్టణాలలో ప్రయోగం మొదలుపెట్టినది. ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్, ఇండియానాలోని మాడిసన్, దక్షిణ డకోటాలోని హాట్‌స్ప్రింగ్స్ ఆ మూడు పట్టణాలు. పాత కట్టడాలను పడగొట్టకుండ బాగుచేయడం, వర్తకులను ఒక సంఘంగా కూర్చడం, పండుగలు జరిపి జనాన్ని వీధికి రప్పించడం, ఏ సరకు కొరత ఉన్నదో చూచి ఆ దుకాణానికి తోడ్పడడం వారి పద్ధతి. తరువాత అది వందలాది పట్టణాలకు ప్రాకినది. ఆ పద్ధతిలోని మెలకువ ఏమనగా, ప్రతి పట్టణంలోనూ ఆ పని కొరకే ఒక మనిషిని నియమించినారు. పదిమందికి చెందిన పని ఎవరి పనీ కాకుండ పోతుందన్నది వారు కూడ అనుభవం మీద గ్రహించినారు.

మన దేశంలో వీధివర్తకులకు అభయమిచ్చిన శాసనం 2014లో వచ్చినది. ఆ చట్టంలోని ముఖ్యాంశాలు ప్రతి గృహంలోనూ తెలిసి ఉండడం మంచిది. అయిదేండ్లకు ఒకసారైనా వీధివర్తకులను లెక్కించాలి. ఆ లెక్క పూర్తిచేసి వర్తకులకు యోగ్యతాపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ వారి చోటునుండి వెళ్లగొట్టకూడదు. తప్పనిసరిగా కదల్చవలసివస్తే ముప్పది దినాల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రతి పట్టణంలోనూ ఒక సంఘం ఉండాలి. అందులో నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వీధివర్తకులే ఉండాలి. ఆ ప్రతినిధులలో మూడవవంతు స్త్రీలు కావాలి. 2020లో అంటువ్యాధి కారణంగా బజార్లు మూతపడినప్పుడు, ఆ జూన్ నెలలోనే, వీధివర్తకులకు తాకట్టు లేకుండ మొదట 10,000 రూపాయల వరకు అప్పు ఇచ్చే పథకాన్ని కేంద్రప్రభుత్వం ప్రారంభించినది. పదివేలు పెద్దమొత్తం కాదు. కాని ఉదయం వంద అప్పు తీసికొని సాయంత్రం నూటపది కట్టే బండివాని దృష్టితో చూస్తే అది చిన్నమొత్తమూ కాదు.

కాగితం మీది మాట రాతి మీది మాట అంత గట్టిదేనా అన్నది ఇప్పటి ప్రశ్న. మోటుపల్లి శాసనాన్ని వర్తకులు రేవులో దిగగానే చూడగలిగేవారు. 2014 నాటి చట్టాన్ని మన వీధిలో జామకాయల బండి నడిపేవాడు చూచినాడా? ముప్పది దినాల నోటీసు తన హక్కు అని అతనికి ఎవరైనా చెప్పినారా? ఎవరూ చెప్పకపోతే, రోడ్డు వెడల్పు చేసేనాడు ఒక లారీ వచ్చి అతని త్రాసును, తట్టలను ఎత్తుకొనిపోతుంది. ఓడ పగిలిన వర్తకుని సరకును తీరపు రాజు తీసికొనిపోవడానికీ దీనికీ భేదం చెప్పడం కష్టం.

ఇటీవల ఒక సాయంత్రం మేము సీతాఫల్‌మండి స్టేషనులో దిగి వీధులవెంట కొంతసేపు నడిచినాము. స్థానిక రైళ్లు మొదలైననాటి నుండి ఈ స్టేషనుకు ఉద్యోగుల రాకపోకలు ఒక వాడుకగా మారినవి. రైలు దిగినవారు ఇల్లు చేరేలోగా కూరగాయలు, పాలు, పూలు, పిల్లలకు చిరుతిండి కొనుక్కొని పోతున్నారు. కొట్లవారు చాలామందిని పేరుపెట్టి పలుకరిస్తున్నారు. ఒక కొట్టు దగ్గర ఒక వృద్ధురాలు నిలబడి బేరమాడుతున్నది. కొట్టుమనిషి ధర తగ్గించలేదు గాని గుప్పెడు కొత్తిమీర కొసరు వేసినాడు. ఆమె నవ్వుతూ పోయినది. పెద్ద విక్రయశాలలో తగ్గింపు దొరకవచ్చును, కొసరు దొరకదు. నడవడానికి మాత్రం మాకు చోటు చాలలేదు. బండ్లు, నిలిపిన వాహనాలు, తెరచిన కాలువ తప్పించుకొని నడవడం చిన్నవారికే కష్టమైతే, ఆ వృద్ధురాలికి ఎంత కష్టం!

ఇట్టి వీధికి పెద్ద పథకాలు అక్కరలేదని మాకు తోచినది. కాలువ మీద బండ వేయడం, నడిచేవారికి ఒక ప్రక్కన బారెడు చోటు విడిచి ఆ చోటులో వాహనం నిలుపనీయకపోవడం, బండ్లకు గీత గీసి ఎవరి చోటు వారికి నిశ్చయంగా చూపడం, రోజంతా కూర్చొనే స్త్రీలకు మరుగుదొడ్డి, త్రాగునీరు, కొంచెం నీడ కల్పించడం, ఇవి మొదటి మెట్టు. రెండవ మెట్టు వర్తకుల చేతిలో ఉన్నది. త్రాసు నిజంగా ఉండాలి. చెత్త వీధిలో పారవేయకూడదు. తన దుకాణం ముందరి నడవను తానే ఆక్రమించి, గిరాకీ రాలేదని వాపోవడం తగదు. మూడవ మెట్టు అందరిది. సంవత్సరానికొకసారి, సీతాఫలాల కాలంలో, ఆ పేరుగల వాడలో ఆ పండ్ల సంత ఎందుకు జరుగకూడదు? సికింద్రాబాదు నుండి కాచిగూడ మీదుగా మహబూబ్‌నగరు పోయే రైలుదారి సీతాఫల్‌మండి స్టేషను గుండానే పోతున్నది. ఆ దారివెంటనే బాలానగరం ఉన్నది. పండు పుట్టే చోటునూ పండు పేరుగల చోటునూ ఒకే ఇనుపదారి కలుపుతున్నది. గుట్టల మీద ఏరి తెచ్చేవారు నేరుగా వచ్చి రెండు మూడు వారాలు అమ్ముకొనే ఏర్పాటు చేస్తే వారికి నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి, మనకు తాజా పండు వస్తుంది, పిల్లలకు తమ వాడ పేరు అర్థమవుతుంది. సంతకు వచ్చినవారు సంత ఒక్కటే చూచి పోరు. ప్రక్కనున్న కొట్లలో కూడ ఏదో ఒకటి కొంటారు.

వీనిలో దేనినైనా మొదలుపెట్టేముందు చేయవలసిన పని ఒకటున్నది. ఆ వీధిలో ఈనాడు ఎవరెవరు అమ్ముకొని బ్రతుకుతున్నారో పేరుపేరునా వ్రాసి, బాగుచేసిన తరువాత కూడ వారికి అక్కడ చోటు ఉంటుందని ముందుగా మాట ఇవ్వాలి. ఆ మాటను అందరూ చూచేచోట పలక మీద వ్రాసి నిలపాలి. ఈ పని ఆలస్యమైతే మిగిలినవన్నీ అందంగా జరిగినా, చివరకు వీధి బాగుపడి వీధిలోనివారు మారిపోతారు. అట్టి బాగు కొన్ని నగరాలలో జరిగినది. అక్కడ రాళ్లు క్రొత్తవి, దీపాలు క్రొత్తవి, అద్దెలు కూడ క్రొత్తవే, పాత ముఖం ఒక్కటీ కనబడదు.

ఇక మన ఇండ్లలో మనం చేయగలిగినది. నెలకు కావలసిన సరకులలో ఒక భాగమైనా నడిచిపోయి మన వీధి కొట్టులో కొనడం కష్టమేమీ కాదు. ధరలో రూపాయి తేడా కనబడినప్పుడు, అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టగానే మందు ఇచ్చినవాడు, జీతం ఆలస్యమైన నెలలో పద్దు వ్రాసికొని ఊరుకొన్నవాడు ఎవడో జ్ఞాపకం చేసికొంటే చాలును. రాజుల కాలంలో అంగడికి అభయమిచ్చే శక్తి రాజులకే ఉండేది. ఇప్పుడు ఆ శక్తిలో కొంత ప్రభుత్వం దగ్గర, కొంత నగరపాలకుల దగ్గర ఉన్నది. మిగిలిన కొంత మన చేతిసంచిలో ఉన్నది. ఈ సంవత్సరం సీతాఫలాలు వచ్చినప్పుడు మొదటి డజను మన వీధిలో గంప దించుకొని కూర్చొన్న ఆమె దగ్గర కొందాము.